ఆడపిల్ల కంచంలో కోత

పదేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల వరకు సాగే కౌమారంలో ఎముక, కండ, రక్తం మూడూ ఒక్కసారిగా పెరుగుతాయి. ఆడపిల్లకు నెలసరి రక్తస్రావం కూడా తోడవుతుంది కనుక, రక్తానికి మూలమైన ఇనుము అవసరం మగపిల్లవాడికన్నా ఆమెకే ఎక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఖరారు చేసిన లెక్క ప్రకారం 13–15 ఏళ్ల బాలుడికి రోజుకు 22 మిల్లీగ్రాముల ఇనుము సరిపోతే, అదే వయసు బాలికకు 30 మిల్లీగ్రాములు కావాలి. ఎక్కువ కావలసిన కంచంలోనే తక్కువ వడ్డించడం పల్లెల్లో ఆనవాయితీగా మారింది. నాయకరాజుల కాలం నుంచి తమిళనాడులోని దిండిగల్ ప్రాంతంలో పాతుకుపోయిన తెలుగు కుటుంబాలు ఈ విషయంలో తాము వేరని చెప్పుకోలేవు.

రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ తగ్గడమే రక్తహీనత. పదిహేనేళ్లు దాటిన మగపిల్లల్లో డెసిలీటరుకు 13 గ్రాములకన్నా, ఆడపిల్లల్లో 12 గ్రాములకన్నా తగ్గితే రక్తహీనతగా పరిగణిస్తారు. ఇలా ఆడపిల్లలకు కొలబద్దను ఒక గ్రాము దించినా, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశవ్యాప్తంగా 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలగా, మగపిల్లల్లో అది 31.1 శాతమే. అంతకు ముందరి 2015–16 సర్వేలో ఆడపిల్లల వాటా 54.1 శాతం కాబట్టి పరిస్థితి మెరుగుపడకపోగా దిగజారింది. ఎత్తుకు తగిన బరువు లేని బక్కతనం మగపిల్లల్లోనే ఎక్కువని 2016–18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వే చెప్పిన మాట నిజమే. అయితే అది ఇద్దరికీ తిండి పెంచాలనడానికి ఆధారమవుతుందే తప్ప, ఆడపిల్లల రక్తహీనతను పక్కన పెట్టడానికి సాకు కాజాలదు.

ఈ వివక్షకు తొలి చోటు వంటిల్లు. ఆదివారం కోడికూర వండితే ముక్కలు తమ్ముడి కంచంలోకి, పులుసు అక్క కంచంలోకి పోతాయి. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలినది తల్లీకూతుళ్ల వాటాకు వస్తుంది. ఉచిత రేషన్ బియ్యం రాకతో సజ్జ సంకటి, రాగి అంబలి వెనకబడ్డాయి. పెరట్లో మునగచెట్టు ఉన్నా, కాయలు ఒడ్డన్‌సత్రం మార్కెట్‌కు చేరుతున్నంత శ్రద్ధగా ఆకు కూరకుండలోకి చేరడం లేదు. ఆకుకూరల్లోని ఇనుము మాంసంలోని ఇనుములా సులువుగా వంటబట్టదు. నిమ్మరసం దానికి తోడ్పడుతుంది, అన్నం తిన్న వెంటనే తాగే టీ అడ్డుపడుతుంది. ఇంత చిన్న సంగతిని కూడా ఇంటింటికీ చేర్చకపోవడం ఆరోగ్య శాఖ వైఫల్యమే.

ప్రభుత్వ పథకాలు ఈ కోతను పూడ్చవలసిందిపోయి, అవసరం పెరిగే వయసులోనే తప్పుకుంటున్నాయి. 2022 సెప్టెంబరులో మదురైలో మొదలైన ముఖ్యమంత్రి అల్పాహార పథకాన్ని ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకే ఉద్దేశించారు. 1982లో ఎం.జి.రామచంద్రన్ ప్రభుత్వం చేపట్టిన పోషకాహార భోజనం పదో తరగతితో ముగుస్తుంది. కేంద్రం కౌమార బాలికల పథకాన్ని 2022 నుంచి 14–18 ఏళ్ల వారికే, అదీ ఈశాన్య రాష్ట్రాలకూ ఆకాంక్షాత్మక జిల్లాలుగా ఎంపికైనవాటికీ పరిమితం చేసింది. తమిళనాడులో ఆ హోదా రామనాథపురం, విరుదునగర్ జిల్లాలకే దక్కింది కాబట్టి దిండిగల్ ఆడపిల్ల ఆ జాబితాలో లేదు. వారానికొకసారి మింగవలసిన నీలిరంగు ఇనుము మాత్ర బడి ద్వారా అందుతుంది. చదువు మానేసి వేడసందూరు నూలు మిల్లుల్లో చేరిన పిల్లలకు, హాస్టల్ మెస్ తిండి తిని రాత్రి షిఫ్టులకు పోయేవారికి, బడి దారి మూసుకుపోతుంది.

కనుక అల్పాహారాన్నీ, గుడ్డుతో కూడిన మధ్యాహ్న భోజనాన్నీ పన్నెండో తరగతి వరకు బాలబాలికలిద్దరికీ పొడిగించాలి. కౌమార బాలికల పథకాన్ని కేంద్రం అన్ని జిల్లాలకూ విస్తరించాలి. మిల్లు హాస్టళ్లలో ఆరు నెలలకొకసారి హిమోగ్లోబిన్ పరీక్ష జరిగేలా, మాత్రలూ మంచి భోజనమూ అందేలా కలెక్టరు కట్టడి చేయాలి. 1947లో డాక్టర్ సౌందరం రామచంద్రన్ నెలకొల్పిన గాంధీగ్రామం ఇదే జిల్లాలో ఉండగా, పల్లెవారీ పరీక్షల బాధ్యత తీసుకోగల సంస్థ కోసం ఎక్కడో వెతకనక్కరలేదు. ప్రభుత్వం కదిలేదాకా కుటుంబాలు ఆగవలసిన పని కూడా లేదు. కొడుకుకూ కూతురికీ ఒకే పంక్తిలో, ఒకే వేళ, సమానంగా వడ్డించడానికి ఏ జీవోతోనూ పని లేదు. ఆ వడ్డన ఈ పూట నుంచే మొదలు కావాలి.