పెద్దకూరకి కావల్సింది పౌడర్ కాదు, మేత

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా పెద్దకూర ఇష్టంగా తినే సాఫ్ట్‌వేర్ జనం తక్కువేం లేరు. అందులో అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళది ఒకటే పాట: "అక్కడ స్టేక్ వెన్నలా ఉంటుందండీ. మనది గంట ఉడికినా రబ్బరే. దాణాలో ఏం కలపాలో మనవాళ్ళకి తెలీదు." వెళ్ళనివాళ్ళది ఇంకో పాట: "మనది హార్మోన్లు లేని స్వచ్ఛమైన మాంసం!" రెండు పాటలూ శుద్ధ అపశ్రుతే అంటాను నేను.

మనం తినే పెద్దకూర చాలావరకు బర్రెది. 1977 నాటి చట్టం ప్రకారం ఆవుని కోయకూడదు, బర్రెదూడనీ కోయకూడదు. మిగతా పశువుల్ని కోయాలంటే ఇక పాడికో, ఈతకో, సేద్యానికో పనికిరావని సర్టిఫికెట్ ఉండాలి. అంటే ఎందుకూ పనికిరాదని తేలాకే అది మాంసం అవుతుంది. అలాంటిదాన్ని తెచ్చుకుని మెత్తగా లేదని ఏడుపు!

సప్లిమెంట్లు దండగ అనడం లేదు. ఖనిజ లవణ మిశ్రమం లోపాల్ని సరిచేస్తుంది. వరిగడ్డే దిక్కైన చోట యూరియా-మొలాసిస్ ఇటుక నాకిస్తే గడ్డి బాగా అరుగుతుంది. విటమిన్ ఇ ఇస్తే కోసిన మాంసం ఎరుపు ఇంకొన్నాళ్ళు నిలుస్తుంది. కానీ ముసలి బర్రె కండలో గట్టిగా అల్లుకుపోయిన కొల్లాజెన్‌ని ఏ పొడీ విప్పలేదు. మన వంటింట్లో పచ్చి బొప్పాయి రుద్దేది అందుకే. డిజైన్ తప్పుని టెస్టింగ్‌లో సరిచేస్తామంటే మనం నవ్వమూ?

పైగా ఆఖరి రోజు సంగతొకటి. ఆకలితో, లారీలో బెదిరి అలిసిపోయిన పశువు కండలో గ్లైకోజెన్ అయిపోతుంది. ఇక లాక్టిక్ ఆమ్లం తయారవదు, 5.4-5.8కి దిగాల్సిన పీహెచ్ 6 దగ్గరే ఆగిపోతుంది. మాంసం నల్లబడుతుంది, త్వరగా పాడవుతుంది. నెలల తరబడి పెట్టిన దాణా కూడా ఆ ఒక్క రాత్రితో గంగపాలు.

పోనీ అమెరికావాడి డబ్బా తెచ్చుకుందామా? జిల్‌పాటెరాల్ అనే మందు కండ పెంచడానికి దాణాలో కలిపేవారు. పశువులు సరిగ్గా నడవలేకపోతున్నాయని 2013లో టైసన్ కంపెనీ ఆ మందు తిన్న పశువుల్ని కొనడం ఆపేసింది. తయారుచేసే మెర్క్ అమెరికా, కెనడాల్లో అమ్మకాలే నిలిపేసింది. ఇదీ షార్ట్‌కట్ కథ.

అసలు పాపం ఇంకోచోట ఉంది. లేత మాంసానికి పనికొచ్చే పశువు మన దగ్గర పుడుతూనే ఉంది.. దున్నదూడ. పెయ్యదూడ అయితే రేపు పాలిస్తుంది. దున్నదూడ తాగే ప్రతి లీటరూ నష్టమే కదా! ఒకప్పుడు బర్రె చేపడానికైనా దూడ కావల్సొచ్చేది. ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ వాడేవాడికి అదీ అక్కర్లేదు. కట్టుకొయ్య దగ్గరే ఎండి చస్తుంది. "నేను శాకాహారినండీ" అనే మిత్రులారా, మీ ఫిల్టర్ కాఫీకీ ఈ లెక్కలో వాటా ఉంది.

దున్నదూడల్ని బతికించి పెంచే పథకం కేంద్రమే 11వ ప్రణాళికలో (2007-12) పెట్టింది. చదువుకున్నవాళ్ళకీ కొదవ లేదు. ఎల్బీ నగర్ నుంచి నాగోలు, ఉప్పల్ దాటి వెళితే చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థే ఉంది. లేనిదల్లా కొనేవాడి ప్రశ్న. ఫోన్ కొనేముందు ప్రాసెసర్ దగ్గర్నుంచి బ్యాటరీ దాకా అడుగుతాం. మాంసం కొట్టు ముందు నిలబడి పశువు వయసెంత, ఏం తిని పెరిగింది అని ఎప్పుడైనా అడిగామా? బాగా మేపిన దున్నకి నాలుగు రూపాయలెక్కువ ఇస్తామని చెప్పామా? ఆ ఎక్కువ డబ్బు రైతు దాకా చేరితే రెండు లీటర్ల పాలు, గంపెడు జొన్నచొప్ప, దోసెడు పత్తిచెక్క దున్నదూడకీ దక్కుతాయి.

అది చేయకుండా దాణాలో ఏ పౌడర్ కలపాలని అడిగేవాళ్ళకి నా జవాబు ఒక్కటే: ముందు కడుపు నింపండి, పౌడర్ సంగతి తర్వాత చూద్దాం.