కైరానా చెప్పిన లెక్క: మారిన ఓటు కంటే కదలని ఓటే ఎక్కువ

ఉప ఎన్నికలో పాలక పక్షం ఓడిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. పతనం మొదలైందని ప్రతిపక్షం అంటుంది. స్థానిక కారణాలని పాలక పక్షం సర్దిచెప్పుకుంటుంది. 2018 మే నెలలో ఉత్తరప్రదేశ్‌లోని కైరానా లోక్‌సభ స్థానాన్ని బీజేపీ కోల్పోయినప్పుడూ ఇదే జరిగింది. కానీ అక్కడి అంకెలు వేరే సంగతి చెబుతున్నాయి.

ఎంపీ హుకుం సింగ్ మరణంతో ఆ ఉప ఎన్నిక వచ్చింది. బీజేపీ ఆయన కుమార్తె మృగాంకా సింగ్‌ను నిలబెట్టింది. ఎస్పీ, బీఎస్పీ, కాంగ్రెస్ మద్దతుతో ఆర్ఎల్డీ తరఫున పోటీ చేసిన తబస్సుమ్ హసన్ 44 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. 2014లో యూపీ నుంచి ఒక్క ముస్లిం కూడా లోక్‌సభకు ఎన్నిక కాలేదు. ముజఫర్‌నగర్ అల్లర్లు జాట్లకూ ముస్లింలకూ మధ్య తెచ్చిన చీలిక ఇక పూడుతోందని చాలామంది ఆశపడ్డారు.

గెలుపునకు ప్రతిపక్ష ఐక్యతే కారణమన్నది సగం నిజమే. 2014లో ఎస్పీ, బీఎస్పీ, ఆర్ఎల్డీలకు విడివిడిగా పడిన ఓట్లు కలిపితే 5.32 లక్షలు. 2018లో ఉమ్మడి అభ్యర్థికి వచ్చినవి 4.81 లక్షలే. అంటే ప్రతిపక్షానికి ఓట్లు పెరగలేదు, తగ్గాయి. అయితే బీజేపీ ఓట్లు అంతకు మించి, 5.66 లక్షల నుంచి 4.37 లక్షలకు పడిపోయాయి. పోలింగ్ 73 శాతం నుంచి 60 శాతం లోపునకు దిగింది. కొందరు జాట్లు ఆర్ఎల్డీ వైపు తిరిగి వచ్చి ఉండవచ్చు. కానీ బీజేపీ కోల్పోయిన ఓటర్లలో ఎక్కువమంది అసలు బూత్‌కే రాలేదని ఈ అంకెలను బట్టి అనుకోవాలి.

చెరకు తోలిన 14 రోజుల్లోగా మిల్లులు రైతుకు డబ్బు చెల్లించాలన్నది నిబంధన. నెలల తరబడి పేరుకున్న బకాయిలే ఆ ఎన్నికల్లో ప్రధాన చర్చ. జిన్నా చిత్రపటం మీద రగిలించిన వివాదం చెరకు రైతు కోపాన్ని చల్లార్చలేకపోయింది.

ఏడాది తిరిగేసరికి 2019 సాధారణ ఎన్నికలు వచ్చాయి. ఎస్పీ, బీఎస్పీ, ఆర్ఎల్డీ కూటమి చెక్కుచెదరలేదు. ఈసారి ఎస్పీ గుర్తుపై నిలిచిన తబస్సుమ్‌కు 4.75 లక్షల ఓట్లు వచ్చాయి. తగ్గినవి ఆరు వేలే. అయినా 92 వేల తేడాతో ఓడిపోయారు. బీజేపీ ఓట్లు మళ్లీ 5.67 లక్షలకు చేరడమే కారణం.

2024లో ఆర్ఎల్డీ బీజేపీ పక్షాన చేరింది. పొత్తుల లెక్క ప్రకారం బీజేపీ బలం పెరగాలి. కానీ దాని ఓట్లు 4.59 లక్షలకు తగ్గాయి. తబస్సుమ్ కుమార్తె, ఎస్పీ అభ్యర్థి ఇక్రా హసన్ సుమారు 69 వేల ఆధిక్యంతో గెలిచారు.

అలిగి ఇంట్లో కూర్చున్న ఓటరు శాశ్వతంగా దూరమైనట్టు కాదు, ఎప్పటికీ తమవాడేనన్న హామీ కూడా లేదు. ఉప ఎన్నికలో నెగ్గిన పక్షం ఆ ఓటరును తన వైపు తిప్పుకున్నానని భ్రమపడితే, తర్వాతి ఎన్నికలో దెబ్బ తప్పదు. ఓడిన పక్షం అతని అలకకు కారణం వెతకకపోయినా అంతే.