కోతనాడు కొడవలి నూరుకునే జట్టు

కాలేజి ప్రత్యేక సంచికలో క్రీడల పేజీ ఎలా వుంటుందో అందరికీ తెలిసిందే. కప్పులు పట్టుకున్న చేతులు, మెడలో దండలు, కింద రెండు వరుసల పేర్లు. ఈ యేడు మన ఫుట్‌బాలు జట్టుకు ఫొటో వుంది గాని కప్పు లేదు. సెమీఫైనల్లో ఓడి ఇంటికొచ్చినవాళ్లం. అయినా సంపాదకవర్గం మిత్రులు "వచ్చే సీజనులో మనవాళ్లు ఎట్లా ఆడతారో నాలుగు మాటలు రాయవోయ్" అన్నారు. "మన జట్టు విజయభేరి మోగించుగాక" అని రాసి యిస్తే వాళ్లకూ సంతోషమే, నాకూ తేలికే. కాని నేను రెండేళ్లుగా ఆ జట్టులో రైట్ బ్యాకుగా ఆడుతున్నవాణ్ణి. లోపలి సంగతి తెలిసి కూడా వట్టి పొగడ్త రాస్తే అది మోసమే అవుతుంది. అందుకని నాకు తోచింది తోచినట్టు రాస్తున్నాను. సీనియర్ అన్నలు, తోటి ఆటగాళ్లు మన్నించాలి.

ముందు పోయిన సీజను లెక్క చూద్దాం. అంతర్ కళాశాలల టోర్నమెంటులో ఐదు మ్యాచులు ఆడాం. మూడు గెలిచాం, ఒకటి సమం, ఒకటి ఓటమి. తొమ్మిది గోల్సు కొట్టాం, ఏడు ఇచ్చుకున్నాం. ఇంతవరకు చూస్తే ఫరవాలేదనే అనిపిస్తుంది. కాని మొన్న సెలవుల్లో స్కోరు పుస్తకం తీసి, ఏ గోలు ఏ నిమిషంలో పడిందో ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాను. మనం ఇచ్చుకున్న ఏడింటిలో ఐదు, డెబ్బయ్యో నిమిషం దాటాక పడ్డవే!

"మన డిఫెన్సు వీకు బ్రదర్" అని క్యాంటీనులో టీ తాగే ప్రతివాడూ అంటున్నాడు. వీకైతే మొదటి నిమిషం నుంచే వీకుగా వుండాలి గదా! డెబ్బయి నిమిషాలు నిలబడ్డవాళ్లు ఆ మీదట వానకు నానిన మట్టిగోడలాగా ఎందుకు కూలిపోతున్నారు? మనం ఆలోచించవలసింది అదీ.

సెమీఫైనల్లో డెబ్బయి నాలుగో నిమిషం దాకా 1-0 తో మనమే ముందున్నాం. కార్నరు నుంచి వాళ్లు ఒకటి కొట్టి సమం చేశారు. ఎనభయి ఎనిమిదో నిమిషంలో వాళ్ల లెఫ్ట్ వింగరు నా పక్కనుంచి బంతి తీసుకొని పోయాడు. అతనేమీ మెరుపు కాదు. మొదటి సగంలో నేను నాలుగుసార్లు ఆపినవాడే. కాని అప్పుడు మాత్రం నా కాలు లేవలేదు. పిక్క పట్టేసింది. నేను నేలమీద కూర్చుని చూస్తుండగానే బంతి వలలో పడింది. దాచేదేమీ లేదు. ఆ ఓటమి నా వైపు నుంచి వచ్చింది.

మూడో రోజు ఊరికి పోయాను. మాది మిర్యాలగూడ దిక్కు, సాగర్ ఎడమ కాల్వ కింద మూడెకరాల వరి. కోతలు నడుస్తున్నాయి. ఇప్పుడంతా కోత మిషన్లే అయినా, మిషను తిరగని మూలల్లో, గట్ల పొంటి కొడవలే గతి. నా చేతికొచ్చిన కొడవలి మొద్దుబారి వుంది. గట్టుమీద రాయి చూసుకొని నూరడం మొదలుపెట్టాను. నాయిన చూశాడు. "కోతనాడు కొడవలి నూరుకుంట కూసుంటే మడి ఎవడు కోస్తడురా? నిన్న రాత్రి ఏం జేసినవ్?" అన్నాడు. ఆయనకు ఫుట్‌బాలు గొడవ తెలియదు. పిక్క పట్టిన సంగతి నేను చెప్పనూ లేదు. అయినా ఆ మాట తగలవలసిన చోటే తగిలింది.

మన జట్టు చేస్తున్నది సరిగ్గా ఇదే. టోర్నమెంటు సర్క్యులరు నోటీసు బోర్డు మీద పడ్డనాడు మన ప్రాక్టీసు మొదలవుతుంది. అక్కణ్ణించి మొదటి మ్యాచుకు మూడు వారాలు. మొదటి వారం గ్రౌండులో పిచ్చిగడ్డి పీకి పల్లేరుకాయలు ఏరడంతో సరి. రెండో వారం సెలక్షన్లు, అలకలు, బుజ్జగింపులు. మూడో వారం ఎవరికి ఏ నంబరు జెర్సీ అని తగాదా. ఇక ఆట ఎప్పుడు నేర్చుకోవాలి?

సైన్సు చదువుతున్నవాళ్లం కాబట్టి ఈ డెబ్బయ్యో నిమిషం గుట్టు కాస్త సైన్సుపరంగానే చూద్దాం. తొంభయి నిమిషాల మ్యాచులో బాగా ఆడేవాడు సుమారు పది కిలోమీటర్లు తిరుగుతాడు. అదీ ఒక్క తీరున కాదు. నడక, పరుగు, ఉన్నట్టుండి దూకుడు, మళ్లీ నడక. ఈ పనికి కావలసిన ఇంధనంలో ఎక్కువ భాగం కండరాల్లో నిలవ వుండే గ్లైకోజెను. తిన్న అన్నం, రొట్టెల నుంచే అది తయారవుతుంది. మ్యాచు చివరికొచ్చేసరికి ఆ నిలవ తరుగుతుంది, చెమటతో నీళ్లూ ఉప్పూ పోతాయి, కాలు బరువెక్కుతుంది. ప్రపంచ కప్పుల్లో సైతం మొదటి సగం కంటే రెండో సగంలోనే గోల్సు ఎక్కువ పడుతుంటాయి. అంత పెద్ద ఆటగాళ్లకే తప్పని అలసట మనకు తప్పుతుందా? కాకపోతే వాళ్లు దానికి సిద్ధపడి వస్తారు, మనం రాము. ప్రాక్టీసులో మేము ఆడేవన్నీ అరగంట, అరగంట మ్యాచులు. అంటే అరవై నిమిషాలకు అలవాటుపడ్డ కాళ్లు. అవి డెబ్బయ్యో నిమిషంలో మొరాయించాయంటే వింత ఏముంది? పైగా పొద్దున ఆరింటికి ఖాళీ కడుపుతో గ్రౌండుకు పోయి, ఎనిమిదింటికి హాస్టలుకొచ్చేసరికి టిఫిను అడుగంటి వుంటుంది. రెండు అరటిపండ్లతో క్లాసుకు పోయిన రోజులు నాకు చాలా వున్నాయి.

"మన ఊళ్లో ఫుట్‌బాలు ఎక్కడిదిరా, అది బెంగాలు వాళ్ల ఆట" అనే మిత్రులకు ఒక మాట. మనం వుంటున్నది హైదరాబాదులో. ఇక్కడి సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం ఈ వూరి బడిపంతులు. 1952 హెల్సింకి ఒలింపిక్సులో ఆయన శిక్షణలోని భారత జట్టు యుగొస్లావియా చేతిలో 10-1 తో ఓడింది. మనవాళ్లలో చాలామంది ఆనాడు వట్టికాళ్లతో ఆడారు. నాలుగేళ్లు తిరిగేసరికి 1956 మెల్బోర్నులో, అదే రహీం సాబు జట్టు ఆస్ట్రేలియాను 4-2 తో కొట్టి సెమీఫైనలుకు వచ్చింది. సికిందరాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులో వున్నాడు. పది గోల్సు తిన్ననాటికీ సెమీఫైనలు నాటికీ నడుమ వున్నది అదృష్టం కాదు, నాలుగేళ్ల కొడవలి నూరుడు.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ కథ ఇంకా చిత్రం. మొదటి మ్యాచులో దక్షిణ కొరియా మనల్ని 2-0 తో ఓడించింది. నడుమ డిఫెండరు జర్నైల్ సింగుకు తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబు అతణ్ణి ఇంట్లో కూర్చోబెట్టలేదు. తలకు దెబ్బ తగిలినవాణ్ణి వెనకనుంచి తెచ్చి సెంటర్ ఫార్వర్డుగా నిలిపాడు! ఫైనల్లో అదే కొరియాను 2-1 తో ఓడించాం. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండోది జర్నైలుది. అప్పటికే క్యాన్సరుతో వున్న రహీం సాబు మరుసటి యేడు జూనులో కన్నుమూశాడు. 2024 లో ఆయన మీద సినిమా వస్తే హాస్టలు మిత్రులమంతా కలిసి చూశాం, ఈలలు వేశాం. మర్నాడు పొద్దున ప్రాక్టీసుకు వచ్చింది మాత్రం నలుగురం.

ఇక వచ్చే సీజను. వున్నది వున్నట్టు చెబుతాను.

గోల్‌కీపరుకు దిగులు లేదు. మన కెమిస్ట్రీ మిత్రుడు ఇంకో ఏడాది వుంటాడు. గాలిలో వచ్చే బంతికి అతనికి తిరుగు లేదు. నేలబంతికి వంగడానికి మాత్రం కాస్త బద్ధకం. మెస్సులో రెండోసారి వడ్డన మానితే చాలునని స్నేహితుల సలహా. సెంటర్ బ్యాకులిద్దరూ వుంటున్నారు. ఒకరి మాట ఒకరికి అర్థమయ్యే జంట అది, విడదీయగూడదు.

మధ్యలో దెబ్బ తగులుతుంది. కెప్టెన్ అన్న, ఆయన పక్కన ఆడే అన్న, ఇద్దరూ ఫైనలియరు ముగించి పోతున్నారు. ముందు వరుసలో ఇంకా పెద్ద దెబ్బ. మనం కొట్టిన తొమ్మిది గోల్సులో ఐదు ఒక్క సెంటర్ ఫార్వర్డు అన్నవే. ఆయనా పోతున్నాడు. అటువంటివాడు రాత్రికి రాత్రే దొరకడు. కాబట్టి వచ్చే యేడు మనం గోల్సు తక్కువే కొడతాం. తక్కువ కొట్టేవాళ్లు తక్కువ ఇచ్చుకోవడం నేర్చుకోవాలి. అంటే కథ మళ్లీ డెబ్బయ్యో నిమిషం దగ్గరికే వచ్చింది.

నా జోస్యం ఇది. ఇప్పటిలాగే మూడు వారాల ప్రాక్టీసుతో దిగితే లీగు దశ దాటం. జూనులో వానలు పడ్డనాటి నుంచి మొదలుపెడితే సెమీఫైనలు ఖాయం, ఫైనలు సాధ్యం.

అందుకు నేను కోరేవి పెద్దవేమీ కావు. జూను నుంచి వారానికి నాలుగు రోజులు ప్రాక్టీసు. నెలకు రెండు మ్యాచులన్నా నిండా తొంభయి నిమిషాలు. ప్రాక్టీసు అయ్యాక ఆటగాడికి రెండు గుడ్లు, గుప్పెడు పల్లీలు, ఒక బెల్లం ముక్క. ఇందుకు కావలసిన సొమ్ము ఒక సన్మానసభ శాలువలకయ్యే ఖర్చును మించదు. మరొకటి. 2022 నుంచి ఆట నిబంధనలే మ్యాచులో ఐదుగురిని మార్చుకోనిస్తున్నాయి. మన టోర్నమెంటులోనూ ఆ వెసులుబాటు వుంది. అయినా మొన్న సెమీఫైనల్లో మనం మార్చింది ఒక్కణ్ణి! బెంచీ మీద తాజా కాళ్లు కూర్చుని వుండగా పిక్క పట్టినవాణ్ణి ఆడించాం. జట్టంటే పదకొండుమంది కాదు, పదహారుమంది.

అన్నిటికన్నా ముఖ్యం సెలక్షన్లు. "వాడు పోయినేడు ఆడాడు గదా, ఈ యేడూ వుంటాడు" అనే పద్ధతి పోవాలి. జట్టులో ఎవరికీ రిజర్వుడు సీటు వుండగూడదు. వరి నాటేవాళ్లకు తెలుసు, ముదురు నారు వేస్తే పిలక సరిగా పెట్టదు. మడి నిండా పచ్చగానే కనిపిస్తుంది, గింజల దగ్గరికి వచ్చేసరికి లెక్క తెలుస్తుంది.

ఇది ఇతరులకు చెప్పి నేను తప్పుకుంటే న్యాయం కాదు. కాబట్టి రైట్ బ్యాకు సంగతి కూడా చెప్పాలి. మహబూబ్‌నగర్ జిల్లానుంచి వచ్చిన ఫస్టియరు తమ్ముడొకడు వున్నాడు. పోయిన సీజనంతా బెంచీ మీదనే కూర్చున్నాడు. నాకన్నా వడిగా ఉరుకుతాడు, ఎడమ కాలితో కూడా బంతి తీస్తాడు, ఎంతసేపైనా రొప్పడు. నాకున్నది రెండేళ్ల అనుభవం, అతనికి లేనిది అదొక్కటే. అది నాలుగు మ్యాచులు ఆడితే అతనికీ వస్తుంది. రాత్రిళ్లు పడుకుని ఈ సంగతి తిరగేసి మరగేసి చూశాను. మూడో సంవత్సరం జట్టులో వుంటే సర్టిఫికెటు వస్తుంది, ఉద్యోగాల్లో స్పోర్ట్సు కోటాకు పనికొస్తుందేమోనన్న ఆశ నాకూ వుంది. ఇంట్లో మూడెకరాల మీద ఎంత అప్పు వుందో తెలిసినవాణ్ణి, ఆ ఆశ లేదంటే అబద్ధమవుతుంది. అయినా నిజాయితీగా సెలక్షను జరిగితే మొదటి పదకొండుమందిలో రైట్ బ్యాకుగా అతని పేరే వుండాలి. నేను బెంచీ మీద కూర్చుంటాను. డెబ్బయ్యో నిమిషంలో పిలిస్తే వస్తాను. ఆ ఇరవై నిమిషాలకు నా కాళ్లు చాలు.

చిక్కల్లా ఒక్కటే. అతనికి బూట్లు లేవు. ఇద్దరిదీ ఎనిమిదో నంబరే గనుక ప్రాక్టీసు మ్యాచుల్లో ఒక సగం అతను, ఒక సగం నేను ఆ ఒక్క జతతోనే ఆడుతున్నాం. వచ్చే సీజనులో అతని బదులు నేను దిగవలసి వస్తే, గీత దగ్గర కూర్చుని అతను బూట్లు విప్పుతుంటే, నేను తొడుక్కుంటుంటే, రెఫరీ వూరుకోడు. యూనియను మిత్రులు ఒక్క జత బూట్లు కొనిపెట్టాలని మనవి. కొనకపోయినా ఫరవాలేదు, నావి అతని దగ్గరే వుంటాయి.

జూను మొదటి వాన పడ్డ మర్నాడు పొద్దున ఆరింటికి మేమిద్దరం గ్రౌండులో వుంటాం. ఈ వ్యాసం చదివి కోపం వచ్చినవాళ్లు కూడా అక్కడికే రావచ్చు. రెండో బంతి వుంటే తెచ్చుకోండి.