కదలని కారుకు గడువు పెట్టండి

పాత కాలనీల్లో ఒక చుట్టు చుడితే ఒకటో రెండో తప్పక కనిపిస్తాయి: టార్పాలిన్ కప్పిన అంబాసిడర్, గాలిపోయిన టైర్లతో నేలకు అంటుకుపోయిన ప్రీమియర్ పద్మిని, అపార్ట్‌మెంటు సెల్లారు మూలలో దుమ్ము పేరుకున్న మారుతి 800. ఎవరిని అడిగినా ఒకటే మాట, ‘‘చేయిద్దామనుకుంటున్నాం’’ అని. ఆ మాటకు నాలుగైదేళ్లు నిండి ఉంటాయి. అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది తర్వాత తేల్చుకోవచ్చని యజమాని నమ్మకం. ఈలోగా ఆ ప్రశ్నకు తుప్పూ, రవాణా శాఖా కలిసి జవాబు రాసేస్తుంటాయి. నడవని కారు విషయంలో వాయిదా అంటే నష్టానికి అమ్మడమే, కాకపోతే డబ్బు చేతికి రాదు.

చాలామంది బానెట్ ఎత్తి ఇంజన్ చూసి లెక్క మొదలుపెడతారు. మెకానిక్ కూడా అక్కడే మొదలుపెడతాడు, ఎందుకంటే చేయగలిగిన పని అక్కడే ఉంది. ఈ మూడు కార్ల ఇంజన్లు సులువైనవి. మారుతి 800లో ఉన్నది 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్. దాన్ని విప్పి బిగించగల మెకానిక్ మన పట్టణాల్లో ఇప్పటికీ దొరుకుతాడు. కార్బొరేటర్ శుభ్రం చేయడం, బోరు పని, క్లచ్ ప్లేటు మార్చడం, బ్రేకు సిలిండర్ల రబ్బర్లు వేయడం, ఎలుకలు కొరికిన వైరింగ్ మార్చడం ఖర్చుతో కూడినవే అయినా అంతుచిక్కని పనులు కావు. విజయవాడ ఆటోనగర్‌లో రెండు వీధులు తిరిగితే ఎంతవుతుందో ఓ అంచనా వస్తుంది.

అంచనాకు అందనిది బాడీ. అంబాసిడర్‌కైనా, 800కైనా లారీలకుండే విడి ఛాసిస్ ఉండదు. నేల రేకులు, తలుపుల కింది పట్టీలు, ముందు వెనక మడతలే బండి బరువు మోస్తాయి. వాటిలో తుప్పు పడితే పోయేది అందం కాదు, ఎముక. అందుకే మొదట చూడాల్సింది కారు కింద. జాకీలు పెట్టి ఎత్తి, మ్యాట్లు తీసి, పెడళ్ల కింద, తలుపుల కింది పట్టీల్లో, సస్పెన్షన్ బిగించే చోట్ల స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడాలి. రేకు ఆగితే ఆశ ఉంది. స్క్రూడ్రైవర్ లోపలికి దిగితే ఆ కారును నిలబెట్టే టింకరింగ్ ఖర్చు దాని మార్కెట్ ధరను దాటేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి నిలిచిన బండ్లలో ఎక్కువ రెండో రకమే.

నిలిపి ఉంచితే పాడవదన్నది భ్రమ. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, సిలిండర్లు లోపల్నుంచే పట్టేస్తాయి. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుంటుంది. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురై కార్బొరేటర్ జెట్లను మూసేస్తుంది. ఇప్పుడు దీనికి ఇథనాల్ తోడైంది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, పాతకాలం రబ్బరు పైపులకు పడదు. పదేళ్ల కిందట ఏడాదిపాటు నిలిపినా తట్టుకున్న ట్యాంకు ఇప్పుడు అంత ఓర్చుకోదు. (మాటల్లో మాట: ఏళ్లుగా ఆగిన ఇంజన్‌కు కొత్త బ్యాటరీ పెట్టి ‘ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం’ అనకండి. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, ఒకరోజు ఆగి, చేత్తో తిప్పండి. బాగుపడదగిన బోర్లు ఆ తొందరలోనే గీతలు పడతాయి.)

ఇక కాగితాలు. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్ల గడువు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి పునరుద్ధరణ. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఈ రుసుము 600 నుంచి 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. జాప్యానికి నెలకు 500 అదనం. అంటే గడువు దాటి ఆరేళ్లు షెడ్డులో ఉన్న కారుకు ఆలస్య రుసుమే 36,000 అవుతుంది. హరిత పన్ను, బీమా, కాలుష్య ధ్రువపత్రం వేరు. వీటన్నిటికంటే పెద్ద చిక్కు మరొకటి: తనిఖీ అధికారి ముందు బండి నడవాలి. నడవని కారుకు పునరుద్ధరణ లేదు, పునరుద్ధరణ లేని కారును బాగుచేసినా రోడ్డెక్కించే హక్కు లేదు. ఈ ముడి నెలనెలా బిగుస్తుందే తప్ప సడలదు.

తండ్రి పేరు మీద ఉన్న కార్లది ఇంకో కథ. ఆయన పోయాక కొడుకు అమెరికాలో, కూతురు బెంగళూరులో, కారు గుంటూరులో ఉంటాయి. యజమాని మరణిస్తే వారసులు 30 రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పించుకోవాలి. మన ఇళ్లలో పొలం, ఇల్లు, బ్యాంకు ఖాతాల తర్వాత కారు గుర్తొచ్చేసరికి అయిదారేళ్లు గడుస్తాయి. అప్పటికి వారసత్వ పత్రం కావాలి, అన్నదమ్ముల సంతకాలు కావాలి. ఉంచుకోవాలనుకున్నా అమ్మాలనుకున్నా ఈ మెట్టు తప్పదు. కాబట్టి నిర్ణయం తేలకముందే చేయదగిన పని ఇదొక్కటే.

‘ఉంచితే వింటేజ్ అవుతుంది, విలువ పెరుగుతుంది’ అనే ఆశ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపుకు బండికి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపం పెద్దగా మారకూడదు. 1984 నాటి 800కు ఆ వయసు 2034లో వస్తుంది. 1990 అంబాసిడర్‌కు 2040 దాకా ఆగాలి. గుర్తింపు వచ్చినా ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజూ తిప్పడానికి వీల్లేదు. పైగా 800 లక్షల్లో తయారైన కారు. అరుదుగా దొరికే తొలినాళ్ల బండ్లను మినహాయిస్తే, కేవలం వయసు చూసి డబ్బిచ్చేవారు ఉండరు.

మమకారం సంగతి తేలిగ్గా తీసేయదగింది కాదు. అయితే దాన్ని ప్రాజెక్టు అనే పేరుతో దాచకూడదు. ‘ఇంజన్‌కు ఇప్పటికే ఇంత పెట్టాను, ఎలా వదులుకోను’ అనే వాళ్లు పోయిన డబ్బును కాపాడుకోవడానికి ఉన్న డబ్బు పోస్తున్నారు. ఇదే కారు ఇదే స్థితిలో పక్క వీధిలో అమ్మకానికుంటే ఇవాళ కొంటారా అని తమను తాము అడిగితే, చాలామంది కొనమనే అంటారు. నాన్న నడిపిన కారు కాబట్టి ఉండాలనుకుంటే అదీ న్యాయమే. అప్పుడు పెట్రోలు తీసేసి, బ్యాటరీ విప్పి, స్టాండ్లమీద ఎత్తి, పైకప్పు కింద ఉంచాలి. జ్ఞాపకాన్ని వానలో వదిలేసి దానికి ప్రేమ అని పేరు పెట్టడం సబబు కాదు.

అమ్మేవాళ్లు రెండు తప్పులు చేస్తారు. అమ్మేముందు పెయింట్ వేయించడం మొదటిది. కొత్త రంగు చూడగానే తెలిసిన కొనుగోలుదారుకు కింద ఏం దాచారోనన్న అనుమానమే వస్తుంది. ఆ డబ్బుతో కాగితాలు సరిచేసి, ఇంజన్ చేత్తో తిరుగుతోందని చూపగలిగితే ధర మెరుగవుతుంది. రెండోది ప్రమాదకరమైనది: డబ్బు తీసుకుని, తాళాలిచ్చి, పేరు మార్పు గాలికొదిలేయడం. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. కారు చేతులు మారి మారి ఎవరి దగ్గరకో వెళ్లాక ప్రమాదం జరిగింది. పరిహారం బాధ్యత మాత్రం రికార్డుల్లో పేరున్న మొదటి యజమాని మీదే పడింది. ఫారం 29, 30 సంతకాలతో ఆగకుండా, పేరు మారిందని ఆన్‌లైన్‌లో కళ్లారా చూసేదాకా కారు మీదేనని అనుకోండి.

పాత ఇనుము కొనేవాడికి తూకానికి వేయడం కూడా ఇలాంటి ముప్పే. మీ నంబరు ప్లేటు మరో బండికి ఎక్కదన్న హామీ లేదు. 2021 నిబంధనల కింద నమోదైన తుక్కు కేంద్రాలు వాహనాన్ని తీసుకుని డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తాయి. దాంతో కొత్త సొంత వాహనం కొంటే రోడ్డు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వడానికి రాష్ట్రాలకు కేంద్ర నిబంధనలు వీలు కల్పించాయి. 800 బరువు సుమారు 650 కిలోలు, కాబట్టి తూకం మీద వచ్చేది స్వల్పమే. అసలు లాభం రిజిస్ట్రేషన్ చట్టబద్ధంగా రద్దయి, బాధ్యత తీరిపోవడంలో ఉంది.

నా తీర్పు ఇది. నేల రేకులు గట్టిగా ఉండి, ఆర్‌సీ ప్రాణంతో ఉండి లేదా బతికించగలిగి ఉండి, నీడ ఉండి, నమ్మకమైన మెకానిక్ ఉండి, ఏటా కొంత డబ్బు పక్కన పెట్టగలిగితే ఉంచుకోండి. ఈ అయిదింటిలో మొదటి రెండు లేకపోతే మిగతావి ఎన్నున్నా అమ్మేయండి. అన్నీ ఉన్నా 12 నెలల్లో పని మొదలుకాకపోతే అప్పుడూ అమ్మేయండి, దాన్ని చేయించగల ఓపికున్నవాడు దొరుకుతుండగానే. ఈ ఆదివారం కారును జాకీల మీదకు ఎత్తి, ఆర్‌సీ గడువు తేదీ చూసి రండి.