టిక్కీలు మోసినోడికి స్టాక్ కొత్తా?

సెలవులకొచ్చిన మా పేట తమ్ముడొకడు, బీటెక్ సీఎస్‌ఈ, "అన్నా, ఆటోమాటా మళ్లీ పోయింది. అది మనలాంటోళ్ల సబ్జెక్టు కాదు" అన్నాడు. నేను తెలుగు పంతుల్ని. అయినా పుస్తకం తెమ్మన్నాను.

పరిమిత స్థితుల యంత్రం ఒకదానిలో ఒకటి ఎంత లోతుకైనా పోయే బ్రాకెట్లు సరిపోయాయో లేదో చెప్పలేదు. దానికి స్టాక్ కావాలి. "గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు ఎట్లా దించుతావురా?" అన్నాను. "పైది ముందు." అదే స్టాక్! దాని బదులు అటూ ఇటూ కదులుతూ రాసి చెరిపే అంతులేని టేపు పెడితే, 1936లో ట్యూరింగ్ చెప్పిన యంత్రం. అదే ఏడు చర్చ్ లాంబ్డా కాల్‌క్యులస్‌తో అదే హద్దు చేరాడు.

మన పిల్లలకు దొరికే సలహా ఒకటే: "థియరీ వదిలెయ్, జావా నేర్చుకో, ఉద్యోగమొస్తది." ఎంత పాత మాట! పని మనకు, శాస్త్రం వాళ్లకు. జావా తెలిసినోడు ఒకరిచ్చిన భాషలో కూలి చేస్తాడు. భాష ఎట్లా కడతారో తెలిసినోడు కొత్త భాషకు భయపడడు, అవసరమైతే తనే ఒకటి కడతాడు.

2015లో తుళ్లూరు చుట్టూ రాజధానికి భూసమీకరణ జరిగింది. భూమిలేని కుటుంబానికి నెలకు 2,500 పింఛనన్నారు. 2017లో ఐనవోలు, నీరుకొండల్లో ప్రైవేటు యూనివర్సిటీలు మొదలయ్యాయి. పొలంలో కూలి పోయిన ఇంటి బిడ్డకు ఆ గోడల లోపలి శాస్త్రంలో వాటా లేదా? ఏ కాలేజీలోనైనా ఈ పాఠం ముందు తెలుగులో చెప్పండి, ఇంగ్లిష్ పేర్లు తర్వాత రాయించండి. అడుగుతున్నది దయ కాదు, హక్కు.

తమ్ముడూ, సప్లిమెంటరీకి టైముంది. ఆదివారం పుస్తకం పట్టుకురా.

జై భీమ్.