వాళ్లకి ఒకరికొకరు తెలుసా?

1888 ఆగస్టు 31కీ నవంబరు 9కీ మధ్య లండన్ ఈస్ట్ ఎండ్‌లో హత్యకు గురైన ఐదుగురు స్త్రీల గురించి ఎక్కడ చర్చ జరిగినా ఈ ప్రశ్న వస్తుంది: వాళ్లకి ఒకరితో ఒకరికి పరిచయం ఉందా? వినడానికి అమాయకంగానే ఉంటుంది. కానీ ఆ స్త్రీల స్నేహాల మీద ఆసక్తితో అడిగేవాళ్లు అరుదు. హంతకుడి ఆచూకీ దొరుకుతుందేమోనని అడుగుతారు.

1976లో స్టీఫెన్ నైట్ రాసిన పుస్తకం ఈ ప్రశ్నకి అవుననే జవాబిచ్చింది. ఎలాగంటే, రాజకుటుంబపు రహస్యం ఒకటి తెలుసుకుని ఈ ఆడవాళ్లు బెదిరించి డబ్బు గుంజబోయారట, అందుకే చచ్చారట! నిలబడే ఆధారం ఒక్కటీ లేదు. అయినా 2001లో ‘ఫ్రమ్ హెల్’ సినిమా దాకా ఆ కట్టుకథ బతికింది. నలుగురాడవాళ్లు ఒకచోట చేరితే ఏదో కొంప ముంచడానికే అనే మన అరుగుల మీది జ్ఞానానికీ దీనికీ తేడా ఏమిటి?

ఆధారాలు చెప్పేది చాలా కొంచెం. చివరి రోజుల్లో మేరీ ఆన్ నికల్స్ ఫ్లవర్ అండ్ డీన్ వీధిలో 56వ నంబరులో, కేథరిన్ ఎడోస్ 55లో, ఎలిజబెత్ స్ట్రైడ్ 32లో తలదాచుకున్నారు. ఏనీ చాప్‌మన్ డోర్సెట్ వీధి 35లో, మేరీ జేన్ కెల్లీ అదే వీధిలో 26 వెనక గదిలో. రాత్రికి నాలుగు పెన్నీలిస్తే మంచం, లేకపోతే వీధి. అలాంటి ఇరుకులో ఒకరి ముఖం ఒకరు చూసే ఉండొచ్చు. స్నేహితులని నిరూపించే సాక్ష్యం మాత్రం లేదు. ఎడోస్ పోలీసులకి కెల్లీ అని పేరు చెప్పిందని పేజీలకు పేజీలు రాశారు. కెల్లీ అంటే అక్కడ గల్లీకొకరు!

మనవైపూ ఒక ప్రలోభం ఉంది. ఈ ఐదుగురినీ సహోదరీత్వం పేరుతో ఒకే దండలో గుచ్చెయ్యాలనిపిస్తుంది. కానీ వాళ్లని ఒక జాబితాగా చేసింది హంతకుడూ పోలీసులూ. ఆ జాబితాకి మనం మమకారం అద్దితే అతని లెక్కనే ఒప్పుకున్నట్టు. వాళ్లలో ఎక్కువమంది వేశ్యలు కారని నిరూపించడానికి హాలీ రూబెన్‌హోల్డ్ 2019లో ‘ది ఫైవ్’లో పడ్డ శ్రమ మీద నాకు గౌరవం ఉంది. అయితే వేశ్యలైతే మాత్రం?

పరిచయాలు కావాలంటే విచారణల్లో బతికున్న స్త్రీలు ఏం చెప్పారో చదవాలి. నికల్స్ శవాన్ని గుర్తుపట్టింది లాంబెత్ వర్క్‌హౌస్‌లో ఆమెతో ఉన్న మేరీ ఆన్ మంక్. తెల్లవారుజామున రెండున్నరకి ఆమెని చూసి, తనతో వచ్చెయ్యమని బతిమాలింది ఒకప్పుడు ఒకే గదిలో ఉన్న ఎలెన్ హాలండ్. చనిపోవడానికి కొద్దిరోజుల ముందు, టీ నీళ్లయినా తాగలేదన్న చాప్‌మన్ చేతిలో రెండు పెన్నీలు పెట్టింది ఎమీలియా పామర్. కెల్లీ అయితే నిలవనీడ లేని ఆడవాళ్లని తన ఒక్క గదిలోకి రానిచ్చేది. అందుకే అక్టోబరు 30న తాను వెళ్లిపోయానని ఆమెతో కాపురం చేసిన జోసెఫ్ బార్నెట్ విచారణలో స్వయంగా చెప్పాడు. ఇవన్నీ ఆనాటి పత్రికల్లోనే అచ్చయ్యాయి.