మోటారు రంపానికి చవకైన చైన్ ఆయిల్: డెల్టా గట్ల మీద వేయవలసిన లెక్క

గోదావరి డెల్టాలో మోటారు రంపం నేడు అరుదైన పరికరం కాదు. భీమవరం, ఉండి, ఆకివీడు, పాలకొల్లు, నరసాపురం పరిసరాలలో ఎండు తెగులు సోకిన కొబ్బరి చెట్లను తొలగించడానికి, చేపల చెరువు గట్ల మీద పడిపోయిన మానులను ముక్కలు చేయడానికి, సరుగుడు తోటలను నరకడానికి దీనినే వాడుతున్నారు. తుపాను వచ్చినపుడు ఈ అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన సంగతి ఈ ప్రాంతం మరువలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటినపుడు కూడా దారులకు అడ్డుపడిన చెట్లను తొలగించే పని ఈ రంపాలపైనే పడింది.

రంపం కొనేటపుడు గుర్రపుశక్తిని, బారు పొడవును, సర్వీసు సౌకర్యాన్ని అందరూ విచారిస్తారు. దాని చైనుకు పోసే కందెన నూనెను గురించి విచారించేవారు తక్కువ. మెకానిక్కు షెడ్డులో మోటారు సైకిలు నుంచో, ట్రాక్టరు నుంచో తీసిన నల్లని కాలిన ఆయిల్‌ను సీసాలో పట్టి తెచ్చి పోయడం వాడుకగా మారింది. ఊరికే దొరుకుతుంది గనుక అదే చవక అని భావిస్తున్నారు. ఈ భావన సాంకేతికంగాను, ఆర్థికంగాను నిలువదని, ముఖ్యంగా నీటి మధ్య సాగే మన వ్యవసాయంలో ఏమాత్రం నిలువదని నా అభిప్రాయం.

పోసిన నూనె ఎక్కడికి పోతుంది?

మోటారు రంపంలో రెండు నూనెలు ఉంటాయి. పెట్రోలులో కలిపే టూ స్ట్రోక్ ఆయిల్ ఇంజనుకు సంబంధించినది. దానిపై బేరం పనికిరాదు. రెండవది వేరే ట్యాంకులో పోసే చైన్ ఆయిల్. ఇంజనులోని ఆయిల్ లోపలనే తిరుగుతూ ఉంటుంది. చైన్ ఆయిల్ అలా కాదు. చిన్న పంపు దానిని బారు గాడిలోకి నెడుతుంది. చైను దానిని ముక్కు వరకు మోసుకొని పోతుంది. తరువాత అది రంపపు పొట్టుతో కలిసి బయటకు చిమ్ముతుంది. తిరిగి వచ్చేది ఏమీ లేదు. ట్యాంకులో పోసిన ప్రతి చుక్క చెట్టు మీద, నేల మీద, నీటి మీద, పనివాని ఒంటి మీద పడవలసిందే. ఈ ఒక్క అంశాన్ని గ్రహిస్తే నూనె ఎంపికలో సగం సందేహాలు తీరిపోతాయి.

పరిమాణం కూడా స్వల్పం కాదు. చిన్న తరహా రంపంలో సుమారు 250 మిల్లీలీటర్ల పెట్రోలు, 150 మిల్లీలీటర్ల చైన్ ఆయిల్ పడతాయి. ఒక పెట్రోలు ట్యాంకు అయ్యేసరికి ఆయిల్ ట్యాంకు కూడా దాదాపు ఖాళీ అయ్యేలా వీటిని రూపొందిస్తారు. రోజుకు రెండు లీటర్ల పెట్రోలు ఖర్చయ్యే పనిలో ఎనిమిది సార్లు నింపితే 1.2 లీటర్ల నూనె ఆరుబయట కలుస్తుంది.

నీటి మీద నూనె ఎంత దూరం పరచుకుంటుందో తెలుసుకోవడానికి ఒక పాత ఉదాహరణ చాలు. లండను సమీపంలోని క్లాపమ్ చెరువులో ఒక చెంచాకు మించని నూనె సుమారు అర ఎకరం మేర అలలను అణచివేసినట్లు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1774లో ప్రచురించిన పత్రంలో వివరించాడు. మన లెక్కలో అది యాభై సెంట్ల చెరువు. గట్టు మీద ఒక్క కొబ్బరి మానును కోసినపుడు ఎగిరిపడే నూనె చెంచాడు కంటె ఎక్కువే.

కాలిన ఆయిల్ నిజమైన ఖరీదు

మొదట యంత్రానికి కలిగే నష్టం. పూర్తి వేగంలో చైను సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో బారు గాడిలో జారుతుంది. ఆ రాపిడిని తట్టుకోవడానికి నూనెకు చిక్కదనం, లోహాన్ని అంటిపెట్టుకొనే గుణం ఉండాలి. కాలిన ఆయిల్‌లో ఇంధనం కలిసి చిక్కదనం తగ్గి ఉంటుంది. మసి, లోహపు రజను, తేమ చేరి ఉంటాయి. లోహపు రజను బారు గాడిని అరగదీస్తుంది, మసి ఆయిల్ జల్లెడను, బారు రంధ్రాన్ని మూసివేస్తుంది. కొబ్బరి మాను వెలుపలి భాగం గట్టిగా ఉండి, సిలికా కారణంగా పళ్ల పదును త్వరగా పోతుంది. మొద్దుబారిన చైనుకు కందెన కూడా కరవైతే బారు, చైను, స్ప్రాకెట్ మూడింటినీ ముందుగానే మార్చవలసి వస్తుంది.

రెండవది మనిషికి కలిగే నష్టం. వాడిన ఇంజను ఆయిల్‌లో క్యాన్సరు కారకాలైన బహువలయ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు పేరుకొని ఉంటాయి. శుద్ధి చేయని లేదా స్వల్పంగా మాత్రమే శుద్ధి చేసిన ఖనిజ నూనెలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మానవులలో క్యాన్సరు కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. స్టిల్, హస్క్‌వర్నా వంటి తయారీ సంస్థల వినియోగ పుస్తకాలు కూడా వాడిన ఆయిల్ పోయరాదని హెచ్చరిస్తాయి. లుంగీ, చొక్కా తప్ప వేరే రక్షణ లేని పనివాడు రోజంతా ఆ తుంపరలో నిలబడతాడు. నూనెను ఎంచుకొన్నది అతడు కాకపోయినా, దానిని చర్మంతో మోసేది అతడే.

మూడవది నీటికి కలిగే నష్టం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుండి ఈ డెల్టాలో కాలువ నీరే సాగునీరు, తాగునీరు. నేడు చేపలకు, రొయ్యలకు ఆధారమూ అదే. హైడ్రోకార్బన్లు చేప కండలో చేరితే కిరసనాయిలు వంటి వాసన వస్తుంది, సరుకు ధర పడిపోతుంది. చట్టరీత్యా కూడా వాడిన నూనె మామూలు చెత్త కాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమావళి దానిని ప్రమాదకర వ్యర్థంగా గుర్తించింది. దానిని అనుమతి పొందిన పునఃశుద్ధి కేంద్రాలకు చేర్చవలసి ఉన్నది. గట్టు మీద చిమ్మడం వినియోగం కాదు, పారబోయడమే.

యనమదుర్రు డ్రెయిను వంటి కాలువల్లోకి ఇంతకంటె ఎన్నో రెట్లు మురుగు చేరుతుండగా రంపపు నూనెను లెక్కించడం ఎందుకని కొందరు అడుగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ మురుగును ఆపడానికి నిధులు, శుద్ధి కేంద్రాలు, సంవత్సరాల కాలం కావాలి. ఈ నూనెను ఆపడానికి సీసా మార్చితే చాలు.

ధరను దేనితో పోల్చాలి?

లీటరు ధరను చూసి నూనెను ఎంచుకోవడం పొరపాటు. పని దినానికి ఎంత పడుతుందో చూడాలి. ఉదాహరణకు ఊరికే వచ్చే కాలిన ఆయిల్‌కు బదులు లీటరు 200 రూపాయల నూనె కొన్నామనుకొందాం. పై లెక్కన రోజుకు 1.2 లీటర్లకు 240 రూపాయలు అవుతుంది. అదే రోజు రెండు లీటర్ల పెట్రోలుకు 200 రూపాయలకు పైగా ఖర్చవుతుంది. కూలీలు, రంపం అద్దె దీనికి అదనం. ఆ రోజు పదిహేను మానులు కోస్తే మానుకు 16 రూపాయలు. చేపల చెరువుపై పెట్టిన పెట్టుబడితో గాని, ఒక బారు, చైను జతను ముందుగా మార్చే ఖర్చుతో గాని పోల్చినపుడు ఇది భారం కాదు.

అయినా ఈ 240 రూపాయలను దినకూలీపై చేసే రంపంవాని మీద వేయడం న్యాయం కాదు. ఊరికే దొరికే నూనెను అతడు వాడటానికి కారణం అజ్ఞానం కాదు, మిగులు లేకపోవడం. గట్టు, చెరువు, తోట ఎవరివో ఆ ఖర్చు వారే భరించాలి.

ఏ నూనెలు తగినవి?

కంపెనీలు అమ్మే చైన్ ఆయిల్‌లో చైనును అంటిపెట్టుకొనేలా జిగురు గుణమిచ్చే పదార్థాలు కలుపుతారు. చిమ్మటం తగ్గుతుంది గనుక తక్కువ నూనెతో ఎక్కువ పని జరుగుతుంది. అందుబాటులో ఉంటే అదే మొదటి ఎంపిక. అది దొరకనపుడు నీటికి దూరంగా, కలప అడితీలలో, రోడ్ల మీద చేసే పనికి కొత్త ఎస్‌ఏఈ 30 లేదా 40 ఇంజను ఆయిల్ వాడవచ్చు. 40 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని చిక్కదనం సుమారు 100 నుంచి 150 సెంటీస్టోకులు. మన వేసవికి ఇది సరిపోతుంది. హైడ్రాలిక్ ఆయిల్‌లో సాధారణంగా వాడే 68 గ్రేడు మన ఎండలకు పలుచన.

చెరువు గట్టు, కాలువ గట్టు, వరి చేను అంచు వంటి చోట్ల వృక్ష సంబంధమైన నూనెలే వాడాలని నా దృఢమైన అభిప్రాయం. అవి ఖనిజ నూనెల కంటె చాలా త్వరగా జీవ విచ్ఛిన్నం చెందుతాయి. వేడికి పలుచబడటం కూడా తక్కువ. ఆస్ట్రియా 1990ల ఆరంభంలోనే జీవ విచ్ఛిన్నం కాని చైన్ ఆయిళ్లను నిషేధించింది. జర్మనీలో త్వరగా విచ్ఛిన్నమయ్యే చైన్ ఆయిళ్లకు బ్లూ ఏంజెల్ పర్యావరణ ముద్ర ఇస్తున్నారు. అక్కడ ఆవనూనె జాతికి చెందిన రేప్ విత్తనాల నూనె ప్రధానం. మనకు తవుడు నూనె, పామాయిల్, ఆముదం ఉన్నాయి.

వీటి గుణదోషాలను తెలుసుకోవాలి. గాలి తగిలి జిగటగా గట్టిపడే స్వభావాన్ని అయోడిన్ విలువ సూచిస్తుంది. అవిసె నూనెకు అది 170కి పైగా ఉంటుంది, రంపానికి పనికిరాదు. పొద్దుతిరుగుడు, సోయా నూనెలు కూడా 110 నుంచి 140 మధ్య ఉండి బారు గాడిలో జిగురు కడతాయి. తవుడు నూనె సుమారు 90 నుంచి 108; ఇందులో సహజమైన ఆక్సీకరణ నిరోధకాలు ఉండటం మేలు. పామోలిన్ 60కి అటూ ఇటూ ఉండి జిగురు కట్టదు గాని సంక్రాంతి రోజుల తెల్లవారుజామున పేరుకొని పంపును ఇబ్బంది పెట్టవచ్చు. కొబ్బరి నూనెదీ అదే ఇబ్బంది, ధర అదనం.

తవుడు నూనె, పామోలిన్‌ల చిక్కదనం 40 డిగ్రీల వద్ద సుమారు 40 సెంటీస్టోకులు మాత్రమే. ఒంటరిగా వాడితే పలుచన. ఆముదం చిక్కదనం సుమారు 250, అయోడిన్ విలువ 82 నుంచి 90. బండి ఇరుసుకు మన పెద్దలు ఆముదపు కందెన వాడటం ఊరికే కాదు. ఆముదం ఇతర వృక్ష నూనెలతో బాగా కలుస్తుంది; ఖనిజ నూనెలతో సరిగా కలవదు. తవుడు నూనె, ఆముదం సమపాళ్లలో కలిపితే సుమారు 100 సెంటీస్టోకుల చిక్కదనం లెక్కకు వస్తుంది. ఇది మన వాతావరణానికి పరీక్షించదగిన మిశ్రమం. ముందు ఒక పాత బారు మీద చిన్న పరిమాణంలో వాడి చూసి, తరువాతే విస్తరించాలి.

రెండు హెచ్చరికలు. బజ్జీల బండి వద్ద మిగిలిన నూనె పనికిరాదు. పదేపదే మరిగిన నూనె అప్పటికే జిగటబారి ఉంటుంది. అందులో ఉప్పు, నీరు ఉంటాయి. అలాగే సబ్బుల తయారీకి అమ్మే ఆమ్లత ఎక్కువైన తవుడు నూనె చవకైనా లోహాన్ని తినే ప్రమాదం ఉన్నది. ఇక వృక్ష నూనె అయినంత మాత్రాన చెరువులో పోయవచ్చని కాదు. అది కూడా నీటిపై పొరకడుతుంది, విచ్ఛిన్నమయ్యేటపుడు ప్రాణవాయువును వినియోగించుకొంటుంది. గట్టు మీద మానును వీలైనంత లోపలికి లాగి, కింద పాత టార్పాలిన్ పరచి కోయడం మంచిది.

వాడకంలో జాగ్రత్తలు

పని ఆరంభంలో రంపాన్ని వేగంగా నడిపి, బారు ముక్కును ఎండు మట్టకు గాని అట్టకు గాని తాకకుండా కొద్ది దూరంలో చూపాలి. సన్నని నూనె చార కనిపిస్తే కందెన అందుతున్నట్లు. చార లేకుంటే బారు రంధ్రాన్ని, గాడిని శుభ్రం చేయాలి. పొట్టు చిన్న చిన్న పెచ్చులుగా కాక పిండిగా రాలుతుంటే చైను మొద్దుబారిందని అర్థం. నూనె పెంచడం దానికి మందు కాదు, ఆకురాయితో పదును పెట్టాలి. వృక్ష నూనె వాడిన రంపాన్ని వారాల తరబడి పక్కన పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, బారు, చైను తుడిచి, కొద్దిగా కొత్త ఖనిజ నూనెతో నడిపి ఉంచాలి.

చేయవలసినవి

కౌలు ఒప్పందంలో నీటి వాటాను, గట్టు మరమ్మతును ప్రస్తావించే రైతులు చెట్టు కొట్టించే ఒప్పందంలో నూనెను కూడా ప్రస్తావించాలి: నూనె యజమానిదే, కాలిన ఆయిల్ పోసిన రంపం గట్టు ఎక్కరాదు. వ్యవసాయ యంత్రాల అద్దె కేంద్రాలు రంపంతోపాటు ఒక లీటరు తగిన నూనెను కలిపి ఇవ్వాలి. తుపాను సహాయక చర్యలకు రంపాలు సిద్ధం చేసే స్థానిక సంస్థలు పెట్రోలుతో సమానంగా చైన్ ఆయిల్‌ను కూడా ముందుగా నిలువ చేసుకోవాలి. నీరు నిలిచిన ఊళ్లలోనే ఆ రంపాలు పనిచేస్తాయి గదా.

పరిశోధకులుగా మన బాధ్యత కూడా ఉన్నది. వరి మిల్లులు, తవుడు నూనె ఉన్న జిల్లా ఇది. మారుటేరులో వరి పరిశోధన కేంద్రం, ఏలూరు సమీపాన పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్నాయి. తవుడు నూనె, పామోలిన్, ఆముదం మిశ్రమాలను కొబ్బరి, సరుగుడు, నిద్రగన్నేరు కోతలలో పరీక్షించి, బారు అరుగుదల, నూనె ఖర్చు, జిగురు కట్టడం, చేప పిల్లలపై ప్రభావం కొలవడం పెద్ద వ్యయంతో కూడిన పని కాదు. ఒక స్నాతకోత్తర విద్యార్థి సిద్ధాంత గ్రంథానికి సరిపడే అంశమిది. ఆ ఫలితాలు వచ్చేవరకు రైతు చేతిలో ఉన్న నిర్ణయం సులభమైనదే: నీటి పక్కన వృక్ష నూనె, నీటికి దూరంగా కొత్త ఖనిజ నూనె, కాలిన ఆయిల్ ఎక్కడా వద్దు.